గుడి చెప్పే ఆమెన్

"వేరే దారి లేదా సుధాకర్?" అని చర్చి కమిటీలో నన్ను అడిగారు. "లేదు" అన్నాను. దారి ఉంది. ఉందని నాకు తెలుసు. ఆ రోజు మింగిన ఆ ఒక్క మాటే ఇప్పుడు నా చేత ఇదంతా రాయిస్తోంది.

సికింద్రాబాద్‌లో నేను మైక్‌సెట్టు పని చేశాను. దుకాణం బోర్డు మీద సౌండ్ ఇంజనీర్ అని రాయించుకున్నా, జనం నోట్లో ఎప్పుడూ మైక్‌సెట్టు సుధాకర్‌నే. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ పెట్టాను గానీ నాకు ఎక్కువగా అన్నం పెట్టినవి గుళ్ళు, మసీదులు, చర్చిలు. యాభై దాటగానే కుడి చెవిలో రొద మొదలైంది. డాక్టరు ఇక చాలన్నాడు. దుకాణం వేరేవాళ్ళకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏ స్పీకర్ బాక్సు మంచిది, ఏ సౌండ్ మిక్సర్ కొనాలి అని అడుగుతుంటారు. అవి షాపువాళ్ళు చెప్తారు. షాపువాళ్ళు చెప్పనిది నేను రాస్తాను.

కరీం భాయ్ దగ్గర

నాకు పని నేర్పింది కరీం భాయ్. రెజిమెంటల్ బజార్‌లో ఆయన దుకాణం. ముందు గదిలో ఆంప్లిఫైయర్లు, వెనక గదిలో ఆయన చాయ్. కోపం వస్తే చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ విసిరేవాడు. తగలకుండా విసరడం కూడా ఆయనకు వచ్చు.

మోండా మార్కెట్ పక్కన ఒక చిన్న గుడిలో మైక్‌సెట్టు పెట్టమన్నారు. నేనే వెళ్ళి, మంచి బాక్సులు బిగించి, సుప్రభాతం ఖంగుమనేలా పెట్టి వచ్చాను. వారం తిరక్కుండా కూరగాయలవాళ్ళు గుంపుగా దుకాణానికి వచ్చారు. సౌండ్ ఎక్కువైందని గొడవకొచ్చారేమో అనుకున్నాను. వాళ్ళ గొడవ అది కాదు. పొద్దున పూజారి గంట కొట్టాక, అది విని వాళ్ళు గంపల ముందు అగరొత్తి వెలిగించి మొదటి బేరం మొదలుపెడతారట. ఇప్పుడు పాటలో గంట వినపడట్లేదు.

"గంట వినపడకుంటే దేవుడు లేసిండో లేదో ఎట్ల తెలుస్తది మాకు?" అంది ఆకుకూరలమ్మే ఆవిడ. "లేవని దేవుని ముంగట బోణీ ఎట్ల జేస్తం?"

కరీం భాయ్ ఆమెకు చాయ్ ఇప్పించాడు. వాళ్ళు వెళ్ళాక స్క్రూడ్రైవర్ విసిరాడు.

"బేటా, పహలే సునో. ముందు విను, మైకు తర్వాత పెట్టు. సామాన్లు లేకుండా పో, పూజ జరిగేటప్పుడు జెర కూసో. మనం వినిపించేది తర్వాత, వాళ్ళు ఏం వినడానికొస్తున్నరో అది విను. అది కొట్టేస్తే నీ బాక్సు బంగారందైనా బేకార్."

ఆయన ఐదు పూటలా నమాజు చేసేవాడు. గుళ్ళోకి పని మీద వెళ్తే మాత్రం అందరికంటే ముందు చెప్పులు విప్పేవాడు. నమ్మినవాళ్ళకు చోటు ఎక్కడ పవిత్రమవుతుందో పూజారినీ కమిటీనీ అడిగితే తెలీదు, వాళ్ళు గర్భగుడి చూపిస్తారు, బలిపీఠం చూపిస్తారు, అనేవాడు. వచ్చినవాళ్ళు దేని కోసం ఆగుతారో చూడు, అదీ ఆ చోటు, అనేవాడు.

ఈ పాఠం నాకు ఇంత బాగా తెలుసు. తెలిసే తప్పు చేశాను. అందుకే నా తప్పు తెలియని తప్పు కాదు.

దేవదానం

మా చర్చి మెట్టుగూడ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పాత రాతి కట్టడం, సున్నపు గోడలు, ఎత్తైన చెక్క కప్పు. నాన్న రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. అమ్మ ఇప్పటికీ చర్చి అనదు, గుడి అంటుంది.

ఆ గుడిలో ఒక అలవాటు ఉండేది. ఇంకో చోట నేను చూడలేదు. కీర్తన చివరి చరణం అయ్యాక ఎవరూ కూర్చోరు. మన గొంతులు ఆగినా పాట పైకప్పు కింద ఇంకాస్త సేపు తిరుగుతుంది, స్తంభాల మీదుగా వెనక్కి వచ్చి మెల్లగా అణుగుతుంది. అది పూర్తిగా ఆగేదాకా నిలబడతారు. చిన్నప్పుడు మేం తొందరపడి కూర్చోబోతే పెద్దవాళ్ళు చొక్కా పట్టి లేపేవాళ్ళు. "గుడి ఆమెన్ చెప్పనీరా!" అనేవాళ్ళు. మేం చెప్పే ఆమెన్ మాది. తర్వాత వచ్చేది గుడిది.

దేవదానం నా ఈడువాడు. ఇద్దరం ఒకే సండే స్కూలు. కీర్తన మొదలుపెట్టి అందరి చేతా పాడించే ముసలి పాటల మేస్త్రికి గొంతు పోయినప్పుడు మా ఇద్దరి చేతా పాట ఎత్తించి చూశారు. నేను ఎత్తాను. బాగానే ఉందన్నారు. దేవదానం ఎత్తాడు. ఎవరూ ఏమీ అనలేదు, జనమంతా వాడి వెనకాల పాడటం మొదలుపెట్టారు. అంతే, తేలిపోయింది.

దానికి ఏడ్చానని కాదు. నా కడుపులో చిచ్చు పెట్టింది అమ్మ. వెనక వరసలో ఎడమ స్తంభానికి ఆనుకుని ఆమె చోటు. దేవదానం పాట ఎత్తగానే ఆమె కళ్ళు మూసుకునేది. పాట అయ్యాక, గుడి ఆమెన్ చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. ఆ ముఖం నా వైపు ఎప్పుడూ తిరగలేదు. నాకు జ్వరం వస్తే మాత్ర. దేవదానానికి జలుబు చేసిందని తెలిస్తే మోండా మార్కెట్‌కు పోయి మిరియాలు ఏరి తెచ్చి కషాయం కాచి వాడింటికి పంపేది. మోసేవాణ్ణి నేనే. దారిలో ఒకసారి సగం ఒలకబోశాను. ఇంకోసారి నేనే తాగేశాను.

వాడు పెద్దయ్యాక రైల్వే ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. నేను మైక్‌సెట్టు. చర్చిలో మైకు పెడుతుంటే వచ్చి భుజం మీద చరిచేవాడు.

"ఏందిరా మైక్‌సెట్టు, ఇయ్యాల సుత మనిషి గొంతు మీద నమ్మకం లేదా నీకు?"

"అందరికీ నీ గొంతు ఉండదు కదరా," అనేవాణ్ణి నవ్వుతూ.

"గదే అంటున్న. నాకు మాత్రం అది పెట్టకు. ముఖం ముంగట అడ్డమొస్తది."

ఊళ్ళో మంత్రులు కూడా నేను ఇచ్చిన మైకులోనే మాట్లాడారు. దేవదానం ఒక్కడికి నా అవసరం లేకపోయింది. మంచివాడు. నాకు కష్టమొస్తే ముందు వచ్చేవాడు కూడా వాడే. అదింకా మండించేది. చెడ్డవాడి మీద కోపం పెట్టుకుంటే నలుగురికి చెప్పుకోవచ్చు. మంచివాడి మీద కుళ్లుకుంటే ఎవరికి చెప్పుకుంటాం?

కమిటీ

మా చర్చికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. బాగా చదువుకున్నవాడు, మంచి ప్రసంగికుడు. ఆయన బాధ నిజమైనదే. పాటకు అంత బాగుండే ఆ ప్రతిధ్వని మాటకు శత్రువు. ఒక మాట మీద ఇంకో మాట ఎక్కి ప్రసంగం గజిబిజి అయ్యేది. పిల్లలున్న కుటుంబాలు ఏసీ హాళ్ళలో జరిగే ఆరాధనలకు పోతున్నాయి. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళు ఫోన్‌లో ప్రసంగం పెట్టుకుంటే హోరు తప్ప ఏమీ వినపడట్లేదు. ఏదో ఒకటి చేయాలి.

నన్ను పిలిచారు. రెండు దారులు ఉన్నాయి. ఒకటి, స్తంభం స్తంభానికి సన్నటి చిన్న బాక్సులు పెట్టి, తక్కువ సౌండుతో, మాట ఎవరి దగ్గర వాళ్ళకు వినపడేలా సర్దడం. శ్రమ ఎక్కువ, ఓపిగ్గా కూర్చుని కుదర్చాలి. గోడల జోలికి పోనక్కర్లేదు. పాట పాటలాగే ఉంటుంది. రెండోది, గోడలకు సౌండును పీల్చేసే దూది అట్టలు అతికించి, కప్పు కింద ఇంకో కప్పు దించి, కింద కార్పెట్ పరిచి గదినే మూగదాన్ని చేయడం. అప్పుడు రెండు పెద్ద బాక్సులు చాలు. మాట స్టూడియోలో ఉన్నట్టు వినపడుతుంది.

నేను కమిటీలో రెండోది ఒక్కటే చెప్పాను.

పెద్దలు తలలూపారు. దేవదానం మూల కుర్చీలోంచి లేచాడు.

"సుధాకర్, గోడలకు అట్టలు గొడితే పాట ఏమైతది?"

"పాటకు మైకు ఇస్తాం."

"నా పాట గాదురా. ఆఖరుకు గుడి అంటది జూడు, గది."

"అది సౌండ్ గోడకు కొట్టుకుని తిరిగి రావడం. సైన్సు. దాని వల్లే అయ్యగారి ప్రసంగం పాడవుతోంది."

అప్పుడు అడిగాడు. "వేరే దారి లేదా సుధాకర్?"

వాడికి నా అవసరం పడటం అదే మొదటిసారి. అందరి ముందు, నిలబడి, నా జవాబు కోసం ఆగి అడిగాడు. కరీం భాయ్ గుర్తొచ్చాడు. అమ్మ మిరియాలు గుర్తొచ్చాయి. "లేదు" అన్నాను.

"నువ్వు లేదంటే లేదు తియ్," అని కూర్చున్నాడు. "పని తెల్సినోడు నువ్వే గదా."

మొదటి ఆదివారం

అట్టలు బిగించాక వచ్చిన ఆదివారం అయ్యగారి మాట ప్రతి అక్షరం తేటగా వినపడింది. చెవి సరిగా లేని ముసలివాళ్ళు కూడా ముందుకు వంగకుండా విన్నారు. ఆరాధన మధ్యలోనే ఒకరిద్దరు వెనక్కి తిరిగి నాకు బొటనవేలు చూపించారు. ఈ మేలు నిజం. దాన్ని తీసిపారెయ్యను.

తర్వాత కీర్తన. దేవదానం అలవాటుగా మైకు లేకుండా ఎత్తాడు. గొంతు రెండో వరస దాటలేదు. వాడు ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఎత్తాడు. జనం అందుకున్నారు గానీ ఎవరి పాట వాళ్ళదైపోయింది. పక్కవాళ్ళ గొంతు వినపడక, తమ గొంతు తమకే బోడిగా వినపడి, ఒక్కొక్కరూ తగ్గించుకున్నారు.

చివరి చరణం అయింది. ఎప్పటిలా అందరూ నిలబడ్డారు.

ఏమీ రాలేదు.

ఇంకాస్త నిలబడ్డారు. ఎప్పుడు కూర్చోవాలో తెలియలేదు. పిల్లలు తల్లుల ముఖాలు చూశారు. ఎవరో దగ్గారు, ఆ దగ్గు కూడా అక్కడే పడిపోయింది. చివరికి అయ్యగారు మైకులో "కూర్చోండి" అన్నారు. ఆ గుడిలో ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం అంతకుముందు రాలేదు.

తర్వాతి పాటకు నేనే నడిచి వెళ్ళి దేవదానం చేతికి మైకు ఇచ్చాను. తీసుకున్నాడు. పాము పిల్లని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు. నేను మిక్సర్ దగ్గరికి వచ్చి వాడి గొంతును పెంచి తగ్గించే మీట మీద వేలు పెట్టాను. పైకి జరిపితే వాడి గొంతు లేచింది. కిందికి జరిపితే దిగింది. ఇన్నేళ్ళకు వాడు నా వేలి కింద ఉన్నాడు. సంతోషమేసింది. దాచను. చాలా సంతోషమేసింది. కొంచెం కిందికే ఉంచాను.

స్తంభం దగ్గర అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నా వైపు మాత్రం చూడలేదు.

కొన్ని వారాలకు దేవదానం పాట ఎత్తడం మానేశాడు. వెనక బెంచీలో కూర్చునేవాడు. కీబోర్డు వాయించే పిల్లలు పాటలు అందుకున్నారు. కమిటీ నాకు శాలువా కప్పింది. దాన్ని బీరువాలో అడుగున పెట్టాను.

అగ్గిపుల్ల

అమ్మ ఆదివారాలు ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. మోకాళ్ళన్నది, ఎండన్నది. ఒక రోజు బెండకాయలు తరుగుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"దేవదానం పాట లేదనేగా మానేశావు? సూటిగా చెప్పరాదూ!"

ఆమె కత్తిపీట మీంచి తలెత్తింది. "దేవదానమా? వాడి పాటలో ఏముందిరా? పాట ఎత్తడం వచ్చు, అంతే. పైన కాస్త గీర కూడా."

కత్తిపీట ముందు కూర్చున్నాను.

"మరి మిరియాలు? కషాయం?"

"వాడికి జలుబు చేస్తే పాట సరిగా అంటుకోదు కదరా. దీపం వెలిగించుకోవాలనుకున్నవాళ్ళం అగ్గిపుల్లని తడవనిస్తామా?"

తర్వాత నేను అడగకుండానే చెప్పింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఆయనది బరువైన కింది గొంతు, ఎడమ స్తంభం పక్కన నిలబడి పాడేవాడు. ఇది నాకు తెలుసు. తెలియనిది తర్వాతి మాట.

"ఆయన పోయాక గుడికి పోబుద్ధి కాలేదు. మీ మేనత్త లాక్కుపోయింది. పాట అయిపోయింది, అందరూ ఆపేశారు. ఆ స్తంభం దగ్గర కింది గొంతు మాత్రం ఆగలేదు. చెయ్యి పెట్టి చూశాను. రాయి సన్నగా వణుకుతోంది. అప్పట్నించీ ప్రతి ఆదివారం అది వినడానికే పోతున్నాను. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరురా. అయ్యగారి ప్రసంగం మాత్రం బాగా వినపడుతోంది, నిజం చెప్పాలిగా."

బెండకాయలు తరగడం మొదలుపెట్టింది మళ్ళీ.

జీవితమంతా ఎవరి మీద కుళ్లుకున్నానో ఆమె అతన్ని వినలేదు. అతని తర్వాత వచ్చేదాన్ని వింది. నేను దేవదానం గొంతు నొక్కాననుకుని నాన్నది నొక్కాను.

పిల్లలకు చెప్పేది

పిల్లలూ, గోడలో దేవుడున్నాడా, అది సైన్సేనా అని మీరు వాదించుకోవద్దు. అది మన పని కాదు. ప్రతిధ్వని సైన్సే. అమ్మ విన్నది కూడా అబద్ధం కాదు. ఒక చోట జనం ఏళ్ళ తరబడి ఒకే దాని కోసం కలిసి ఆగితే, ఆ ఆగడమే ఆ చోటిని గుడి చేస్తుంది. పాస్టరు ప్రతిష్ఠ ప్రార్థన చేయొచ్చు, పూజారి కుంభాభిషేకం చేయొచ్చు. మిగతాది వచ్చేవాళ్ళే చేస్తారు, చేశామని వాళ్ళకూ తెలియదు. కాబట్టి అడిగితే చెప్పలేరు. మీరే చూసుకోవాలి.

ఇంకో మాట. కమిటీలో మనకు ఇష్టం లేనివాడు ఎవరైనా ఉంటే, ఆ పని ఇంకొకరికి ఇప్పించండి. మన చెవి ఎంత మంచిదైనా, కుళ్లు ఉన్న చోట అది పని చేయదు. మంచి సౌండే ఇచ్చానని ఆ రోజు ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. నిజంగానే మంచి సౌండు. అదే దాని దరిద్రం.

అట్టలు ఇప్పుడు లేవు. దించిన కప్పు తీసేశాం. స్తంభాలకు చిన్న బాక్సులు నేనే కుదిర్చాను, ఎడమ చెవి ఒక్కదానితో. ప్రసంగం వినపడుతోంది. జిగురుతో పాటు సున్నం పెచ్చులు ఊడిన చోట్ల కొత్త సున్నం పూశారు. అది ఇంకా పాత గోడలా పలకదు. పాట అయ్యాక జనం నిలబడుతున్నారు. వస్తోందని కొందరంటారు, మునుపటిలా లేదని కొందరు. కానీ అట్టలు పీకక ముందు నేను చేయాల్సింది ఒకటి ఉండింది.

మైకు లేకుండా

ముందు దేవదానం ఇంటికి వెళ్ళాను. వాడు లుంగీ మీద వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

"దారి ఉండెరా," అన్నాను. "కమిటీలో అడిగినవు చూడు. ఉండె. నాకు తెల్సు."

చెంబు కింద పెట్టాడు. "నాకెర్కనే."

"ఎట్ల?"

"మైకిచ్చినప్పుడు నీ మొఖం జూసిన గదా. పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్." నవ్వలేదు. "నేనేం జేసిన్రా నీకు?"

చెప్పాను. సండే స్కూలు నుంచి, మిరియాల కషాయం నుంచి అంతా చెప్పాను. కషాయం నేను తాగేసిన సంగతి దగ్గర మాత్రం వాడి మీసం కదిలింది.

"అగ్గిపుల్లనా నేను? మీ అమ్మ గట్లన్నదా?"

"అన్నది."

చెంబు తీసి ఒక మొక్కకు నీళ్ళు పోశాడు. "నాకు జెప్తే ఏమొస్తది సుధాకర్? నా గొంతు నాతోనే ఉన్నది, ఇంట్ల పాడుకుంటున్న. పోయింది గుడిది. గుడిల జెప్పు. మైకు లేకుంట జెప్పు."

ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారి అనుమతి అడిగి ముందుకు వెళ్ళాను. ఆ రోజు అమ్మను కూడా బతిమాలి తీసుకొచ్చాను. ఎందుకో చెప్పలేదు. తన స్తంభం దగ్గరే కూర్చుంది. దేవదానం వెనక బెంచీలో చేతులు కట్టుకుని ఉన్నాడు. బతుకంతా ఇతరుల గొంతులు పెంచినవాణ్ణి, నా గొంతుతో ఒక గదికి మాట్లాడటం అదే మొదలు. చెప్పడం మొదలుపెట్టాను. నా మాటలు నా పాదాల దగ్గరే పడిపోతున్నాయని నాకే తెలుస్తోంది. నేను కొట్టించిన అట్టలు వాటి పని బాగా చేస్తున్నాయి. ముందు వరసలవాళ్ళు ముఖాలు చిట్లించారు.

వెనక ఎడమ స్తంభం దగ్గర నుంచి అమ్మ గొంతు వచ్చింది.

"ఒరేయ్ సుధా! ఇక్కడికి వినపడట్లేదు. గట్టిగా చెప్పు, నేను వినాలి."

ఆమె నా వైపే చూస్తోంది.

బెంచీల మధ్య నుంచి నడిచి, ఆ స్తంభం దాకా వెళ్ళి, అందరి వైపు తిరిగి, మొదటి నుంచి చెప్పాను.

"దారి ఉంది. గోడలు ముట్టుకోకుండా చేయొచ్చని నాకు ఆ రోజే తెలుసు. దేవదానం మీద కుళ్లుతో లేదని చెప్పాను. మీ గుడి నోరు నొక్కాను. నన్ను క్షమించండి."